బాయి దిగని లెక్కలు

మంథని జేఎన్టీయూ ఇంజినీరింగ్ కాలేజీలో చదివిన మా పక్కింటి అమ్మాయి ఈ వారం ఒక పీహెచ్‌డీ ప్రకటన పట్టుకొచ్చింది. అంశం: ప్రోగ్రామింగ్ భాషలు, సిమ్యులేషన్ మోడలింగ్. "ఏమంటవు తాతా?" అంది. అరుగు మీదున్న తాత, సింగరేణి బొగ్గుబాయిలో ఓవర్‌మన్‌గా రిటైరైనవాడు, ఒక్క ముక్కలో తేల్చేశాడు: "ఇంకా అయిదేండ్లు సదువుడేంది బిడ్డా? నౌకరి సూస్కో."

నాకూ మొదట ఆయన మాటే నచ్చింది. బాయి దిగనివాళ్లు బొగ్గు గురించి తీర్పులు చెప్పొద్దని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు గొణిగానో పాత పాఠకులకు తెలుసు. ఆ తాత కట్టెతో గని పైకప్పును కొట్టి, సప్పుడు బోలుగా వస్తే మనుషుల్ని వెనక్కి పిలిచేవాడు. ఆ చెవిని ఏ కోడ్‌లో రాస్తారు?

కానీ ఆలోచిస్తే ఆ మాట మార్చుకోవాల్సి వచ్చింది. ఈ ప్రకటనలోని రెండు విద్యలూ అసలు తోబుట్టువులే. 1960లలో ఓస్లోలోని నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటర్‌లో క్రిస్టెన్ నైగార్డ్, ఓలె-యోహాన్ డాల్ ఒక చిక్కు ముందేసుకున్నారు. పనులు ఎక్కడ ఆగుతాయి, యంత్రం కోసం ఎవరు ఎంతసేపు కాచుకుంటారు అన్నది కంప్యూటర్‌లో నడిపించి చూడాలి. అప్పటి భాషలు చాలక సిమ్యులా అనే సొంత భాషే తయారుచేశారు. మన పిల్లలు జావా పరీక్షకు బట్టీపట్టే క్లాసులు, ఆబ్జెక్టులు 1967 నాటి సిమ్యులాలో పుట్టినవే. తర్వాత కేంబ్రిడ్జిలో బ్యార్నె స్ట్రౌస్ట్రప్ అనే పరిశోధక విద్యార్థి తన సిమ్యులేటర్‌ను అందులో రాశాడు. రాయడం హాయి, నడక మాత్రం నత్తది. బీసీపీఎల్ అనే మోటు భాషలో మళ్లీ మొత్తం రాసుకుని 1979లో డాక్టరేట్ ముగించాడు. అదే ఏడాది బెల్ ల్యాబ్స్‌లో, ఆ విసుగులోంచే సీ ప్లస్ ప్లస్‌కు పునాది వేశాడు.

నైగార్డ్ ఇంకో మంచిపని చేశాడు. 1970ల మొదట్లో నార్వే ఇనుము, లోహ కార్మికుల సంఘంతో కూచుని, ఫ్యాక్టరీలోకి వచ్చే కంప్యూటర్ మీద కార్మికుడికీ మాట చెల్లాలని పనిచేశాడు. సింగరేణి యూనియన్ ఆఫీసుల్లో చెప్పుకోవాల్సిన పేరు.

ఇక మన సంగతి. 2022 మార్చిలో అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో పైకప్పు కూలి ముగ్గురు చనిపోయారు. పైకప్పు ఎప్పుడు కూలుతుందో మనుషుల్ని కింద నిలబెట్టి పరీక్షించలేం. రామగుండం ఎన్టీపీసీకి బొగ్గు మోసే రైలు ఒకటి ఆగితే వెనక గని దగ్గర బొగ్గు బంకర్ ఎంతసేపట్లో నిండుతుందో తెలియడానికి నిజం రైలును ఆపలేం. లెక్కలో అయితే వెయ్యిసార్లు కూల్చొచ్చు, వెయ్యిసార్లు ఆపొచ్చు. అనుభవమున్న చెవి ఒక్క బాయిలో, ఒక్క షిఫ్టులోనే కాపాడుతుంది. ఆ చెవి రిటైరైతే దానికి తెలిసిందీ ఇంటికి పోతుంది. దాన్ని రాసిపెట్టే భాష కావాలి. రాసినదాన్ని ఓవర్‌మన్ చదివి "ఇట్ల కాదు" అని దిద్దగలగాలి. అలాంటి భాష కట్టడానికి అయిదేండ్లు ఎక్కువేం కాదు.

డబ్బు మాటా చెప్పాలి. నెట్ పరీక్ష రాసి జేఆర్‌ఎఫ్ పరిశోధక భృతి తెచ్చుకుంటే 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, సీనియర్ ఫెలో అయ్యాక 42,000. సాఫ్ట్‌వేర్ జీతం ముందు తక్కువే, కానీ బతకొచ్చు.

మంథని కాలేజీలో కంప్యూటర్ సైన్సూ మైనింగూ ఒకే ప్రాంగణంలో ఉన్నాయి. అడ్రియాల గని దగ్గర్లోనే ఉంది. జేఎన్టీయూ పెద్దలకు నా విన్నపం ఒకటే: ఈ మూడింటినీ కలిపే పరిశోధనాంశం ఒక్కటైనా ప్రకటించండి, దాని సలహా సంఘంలో ఒక గని కార్మికుడిని కూచోబెట్టండి.