డాజ్ జాబితాలో లేని గడి

పాత కాగితంలో తాత పేరు దొరికితే చుట్టరికం దొరికినట్టే అనుకుంటాం. ఆ కాగితం ఎవరు రాశారు, ఎందుకు రాశారు అని అడగడం తక్కువ. అమెరికాలోని చెరోకీల డాజ్ జాబితాను ఈ ప్రశ్నతోనే చదవాలని మా అభిప్రాయం. పెంపకానికి పోయిన చెరోకీ బిడ్డలు తమవాళ్లను వెతుక్కుంటూ చివరికి చేరేది దాని దగ్గరికే.

1893లో అమెరికా ప్రభుత్వం డాజ్ కమిషన్‌ను వేసింది. చెరోకీ, చోక్టా, చికసా, క్రీక్, సెమినోల్ జాతుల ఉమ్మడి భూమిని తలా ఒక ముక్క చేయడం దాని పని. ముక్కలు చేయాలంటే తలలు లెక్కపెట్టాలి కదా! 1907లో జాబితా మూసేనాటికి సుమారు లక్ష పేర్లు ఎక్కాయి. అంటే ఇది వంశచరిత్ర కాదు, భూమి పంపకం పట్టీ. రెడ్‌బర్డ్ స్మిత్ వెంట నడిచిన చెరోకీలు అసలు పేరు రాయించుకోవడానికే ఒప్పుకోలేదు.

కార్డులోని గడులు చూడండి. పేరు, వయసు, ఇంటి పెద్దకు ఏమవుతారు, తల్లిదండ్రులెవరు, 'రక్తం' ఎంత పాలు: సగమా, పావా? చెరోకీలకు ఏడు గోత్రాలు, అవి తల్లి నుంచి వచ్చేవి. పూర్వం బయటివాడినైనా ఒక గోత్రం దత్తత తీసుకుంటే అతను పూర్తిగా వాళ్లవాడే. కార్డులో రక్తానికి గడి ఉంది, గోత్రానికి లేదు. చెరోకీల దగ్గర బానిసలుగా ఉండి విడుదలైన నల్లవాళ్ల కార్డులు మరీ చేదు. వాటిలో రక్తం పాలు రాయలేదు, ఒకప్పటి యజమాని పేరు రాశారు. అమ్మమ్మ చెరోకీ అయినా ఆ కార్డు చెప్పదు. 1866 ఒప్పందం వీళ్లకిచ్చిన పౌరహక్కును 2007లో ఓటు పెట్టి తీసేశారు. 2017లో ఫెడరల్ కోర్టు దాన్ని నిలబెట్టింది. 2021లో చెరోకీ సుప్రీంకోర్టే తమ రాజ్యాంగంలోంచి 'రక్తం ద్వారా' అన్న మాటను కొట్టేసింది.

ఇక దత్తతల సంగతి. 1958 నుంచి 1967 దాకా ఒక్క ప్రభుత్వ పథకం కిందే వివిధ తెగల పిల్లలు 395 మందిని, ఎక్కువగా తెల్ల కుటుంబాలకు, ఇచ్చేశారు. దత్తతతో పుట్టిన పత్రం మారిపోతుంది, పాతది సీలు పడుతుంది. 1978 చట్టం వచ్చాక, అలాంటి బిడ్డ పద్దెనిమిదేళ్లు నిండి అడిగితే తెగలో నమోదుకు కావలసిన వివరాలు ప్రభుత్వం ఇవ్వాలి. ఆ వివరాలతో చెరోకీ బిడ్డకు డాజ్ జాబితాలో ముత్తాత దొరుకుతాడు, పౌరసత్వం వస్తుంది. ఇది చిన్న మేలు కాదు. కానీ తిరగేసి చూస్తే, చెరోకీ ఇంట్లో పెరిగి ఆ భాషే మాట్లాడిన పెంపుడు బిడ్డకు, కన్నవాళ్ల వైపు జాబితాలో ఎవరూ లేకపోతే, ఆ పౌరసత్వం రాదు. పాత గోత్రం ఒప్పుకున్న చుట్టాన్ని ఈ కాగితం ఒప్పుకోదు.

మన గోండు ఇళ్ల వంశాలను పాడి నిలిపింది ప్రధాన్లు, తోటీలు. నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగల్లో ఎవరు ఎవరికి అన్నదమ్ములు, ఎవరింటికి పిల్లనివ్వవచ్చు అన్నది కాగితం లేకుండానే నిలిచింది. పాటంతా నిజమని మేం అనడం లేదు. పాడేవాడు తనను పోషించే ఇంటి కోసమే పాడతాడు. అయినా పాడేవాణ్ని ఆపి, ఈ బిడ్డ ఆ ఇంటికి ఎలా వచ్చిందని అడగవచ్చు. కార్డును అడగలేం.

బడిలో వంశవృక్షం గీయించే ఉపాధ్యాయులకు ఒక్క మాట. అచ్చు పటంలో తండ్రి, తాత, ముత్తాత గడులే ఉంటాయి. పెంచిన అమ్మకు, ఇల్లరికం వచ్చిన అల్లుడికి పిల్లల చేతే గడి గీయించండి. ఆ చుట్టరికం ఎలా కలిసిందో ఇంట్లో ముసలివాళ్లను అడిగి, చెప్పినవారి పేరుతో సహా పక్కన రాయించండి.