రీమాన్ చిత్తు లెక్కలు

లెక్కలు చెప్పేవాళ్లలో ఒక మాట బాగా చలామణీలో ఉంది: గణితవేత్త రీమాన్‌కి అన్నీ వాటంతట అవే తట్టేవట, కూడికలూ తీసివేతలతో పనే లేదట. నాకది ఎన్నడూ మింగుడుపడలేదు.

ఆయన వ్యాసం 1859 నవంబరులో బెర్లిన్ అకాడమీ నెలవారీ నివేదికలో వచ్చింది. పట్టుమని పది పేజీలుండదు. ఒక సంఖ్య లోపల ప్రధాన సంఖ్యలు ఎన్ని అనే ప్రశ్నని తీసుకెళ్లి, జీటా అనే ప్రమేయం ఎక్కడెక్కడ సున్నా అవుతుందన్న దానికి ముడిపెట్టాడు. లెక్కలోకి వచ్చే సున్నాలన్నీ వాస్తవ భాగం 1/2 అయ్యే నిలువు గీత మీదే ఉండొచ్చన్నాడు. రుజువుకి కాస్త ప్రయత్నించి పక్కన పెట్టానన్నాడు. ఒక్క సున్నా విలువైనా వేయలేదు. దాంతో చాలామంది అదంతా దివ్యదృష్టి అనుకున్నారు.

1866లో, 39 ఏళ్లకే, క్షయతో పోయాడు. ఆయన కాగితాలు గోటింగెన్ విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి చేరాయి. వాటిని చదివి 1932లో అచ్చువేయించినవాడు కార్ల్ లుడ్విగ్ సీగెల్ అనే గణితవేత్త. చదవడమంటే మాటలా! ఒకే పేజీలో పొంతన లేని సూత్రాలు, సమీకరణాలకు చాలాచోట్ల ఒక పక్కే ఉంది. ఆ గజిబిజిలో, గీత మీద మొదటి సున్నా ఎత్తు 14.1386 అని వేసి ఉంది (అసలు విలువ 14.1347). సున్నాల విలోమాల మొత్తాన్నయితే 20 దశాంశ స్థానాల దాకా లాగాడు: 0.02309570896612103381. ఇది దివ్యదృష్టి పని కాదు, చేతివేళ్లు నొప్పెట్టే పని.

అన్నిటికన్నా పెద్ద సొత్తు, ఆ గీత మీద జీటా విలువ కట్టే సూత్రం. ఎత్తు 1000 దగ్గర పాత పద్ధతిలో వందల పదాలు కూడాలి. ఈ సూత్రంతో 12 పదాలు కూడి, చివర కొద్దిపాటి సవరణ చేస్తే చాలు. 1903లో గ్రామ్ అనే గణితవేత్త 15 సున్నాలు ప్రకటించినప్పుడు ఇంతకన్నా మేలైన ఉపాయం గోటింగెన్‌లో పడే ఉంది, ఎవరికీ తెలియదు. సీగెల్ అచ్చువేయించాక టిచ్‌మార్ష్ అనే మరో గణితవేత్త దానితోనే 1041 సున్నాలు తేల్చాడు. 1950లో ట్యూరింగ్ మాంచెస్టర్ కంప్యూటర్ మీద నడిపించిందీ అదే.

రీమాన్ చిత్తు కాగితాలు మిగిలాయి కాబట్టే ఇదంతా తెలిసింది. నేను లెక్కలు చెప్పే పిల్లలు మాత్రం నాకు నోటుపుస్తకాలు ఇచ్చే ముందు చిత్తుపని చెరిపేసి తెస్తారు. నీటుగా లేకపోతే మార్కులు పోతాయని ఇంట్లో చెప్పారట. జవాబు ఎలా వచ్చిందో ఆ చెరిపిన చోటే ఉంటుంది, అది కాస్తా పోయాక నేను దిద్దేదేముంది? తోటి మాస్టార్లకి మనవి: చిత్తుపని చెరపొద్దని పిల్లలకి చెప్పండి. చెరపకుండా తెచ్చినప్పుడు చదవండి.