షరతులు మన చేతిలో ఉన్న ఆటలు

గుడి మండపం బండ మీద సుద్దముక్కతో పటం గీస్తే పులి–మేక ఆట సిద్ధం. 3 పులులు, 15 మేకలు. అవతల ఖాళీ ఉంటే పులి మేక మీదుగా దూకి చంపుతుంది. మేకలు గుంపుగట్టి పులికి కదలిక లేకుండా చేస్తే గెలుపు వాటిది. రాళ్లు దించేముందే ఇద్దరూ షరతులు అనుకుంటారు: మేకలన్నీ దిగాకే కదపాలా, మధ్యలో కదపొచ్చా? ఆడేవాడికే ఆట మీద పెత్తనం ఉండే ఈ సంప్రదాయం కంప్యూటర్‌లో బతికి ఉన్న చోటు లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్.

‘లినక్స్‌లో ఆటలేముంటాయిలే’ అన్న మాటలో ఒకప్పుడు సగం నిజముండేది. 2018లో వాల్వ్ కంపెనీ ప్రోటాన్ అనే సాఫ్ట్‌వేర్ తెచ్చాక విండోస్ కోసం చేసిన ఆటలు వేలల్లో ఇక్కడా నడుస్తున్నాయి. 2022లో వచ్చిన, చేతిలో పట్టుకుని ఆడే స్టీమ్ డెక్ లోపల ఉన్నది లినక్సే. వాలరెంట్ అనే ఆట మాత్రం నడవదు. మోసగాళ్లను పట్టే దాని కాపలా ప్రోగ్రామ్ విండోస్ కెర్నల్‌లో తిష్ఠ వేసి పనిచేస్తుంది. మీరు ఆడేది అదొక్కటే అయితే లినక్స్ జోలికి రాకండి. నాకు ఇష్టమైనవి మాత్రం అరువు ఆటలు కావు, సోర్స్ కోడ్‌తో సహా చేతికిచ్చేవి.

వాటిలో మొదటి పీట ‘బ్యాటిల్ ఫర్ వెస్నోత్’ది. డేవిడ్ వైట్ 2003లో మొదలుపెట్టాడు. ఆరు మూలల గళ్ల పటం, వంతులవారీ ఎత్తులు. తొందర లేదు, ఎంతసేపైనా ఆలోచించుకోవచ్చు. కిటుకంతా నేలలోనూ పొద్దులోనూ ఉంది. కొందరు యోధుల దెబ్బకు పగలు పాతిక శాతం బలం పెరుగుతుంది, రాత్రి అంతే తగ్గుతుంది. ఇంకొందరికి రాత్రే బలం. అడవిలో నిలబడ్డ ఎల్ఫ్‌ను కొట్టడం కష్టం, మైదానంలోకి రప్పిస్తే తేలిక. ఊళ్లు పట్టుకుంటే బంగారం వస్తుంది, గాయపడ్డవాడు అక్కడ ఆగితే కోలుకుంటాడు. అనుభవం గడించి బతికిన యోధుడిని తర్వాతి ఘట్టంలోకి పిలిపించుకోవచ్చు. అందుకే చీకటి పడేవేళ ముందుకు దూకాలా, వెనక్కి తగ్గాలా అన్న ఒక్క నిర్ణయం మీద ఆట నిలుస్తుంది. అదృష్టం పాలు కాస్త ఎక్కువన్న ఫిర్యాదు ఉంది. నిజమే, అయినా ఆ చిరాకూ ఆటలో భాగమే.

ఇందులోని ఘట్టాలన్నీ మామూలు టెక్స్ట్ ఫైళ్లు. నోట్‌ప్యాడ్ లాంటిదేదైనా తెరిచి మార్చుకోవచ్చు. పల్నాటి కథ దీనికి అచ్చంగా అమరుతుంది: కోడిపందెంలో ఓడి మాచర్లవాళ్లు ఏడేళ్లు వలస పోవడం, గురజాలకు అలరాజు రాయబారం, నాగులేటి ఒడ్డున కారెంపూడి పోరు. గురజాల నాయకురాలి పక్షాన ఆడేవాడికి మాచర్ల బ్రహ్మనాయుడు శత్రువు, అటువైపు నుంచి ఆడితే కథ తిరగబడుతుంది. చరిత్రను ఒక్క పక్షం నుంచే వినే అలవాటున్న మనకు ఇది మంచి కసరత్తు.

హాస్టల్ గదికి సూపర్‌టక్స్‌కార్ట్ మేలు. లినక్స్ చిహ్నమైన పెంగ్విన్ టక్స్ ఇందులో కారు తోలుతుంది. 2019 నాటి 1.0తో నెట్‌వర్క్ పందాలు వచ్చాయి. ఇంటర్నెట్ లేకున్నా ఒక్క వైఫై రౌటర్ ఉంటే నలుగురైదుగురు తలపడొచ్చు. ‘జీరో ఏడీ’ చూపులకు ఘనమైనది. 2001లో ఇంకో ఆటకు మార్పుగా పుట్టి, 2009లో కోడ్ అందరికీ ఇచ్చేసింది. మౌర్యుల ఏనుగు దండు కూడా ఉంది. సైన్యం పెరిగేకొద్దీ పాత ల్యాప్‌టాప్ మూలుగుతుంది, అదొక్కటే చిక్కు.

చిన్నపిల్లలకు జీకాంప్రీ. లెక్కలు, అక్షరాలతోపాటు మన దాడి ఆట ‘నైన్ మెన్స్ మోరిస్’ పేరుతో, వామనగుంటలకు చుట్టమైన ఆఫ్రికా ఆట ‘ఒవారే’ కూడా ఇందులో కనిపిస్తాయి. అమ్మమ్మ చింతగింజలతో ఆడినదే తెర మీద చూస్తే పిల్లలకు వేరే పాఠం అక్కర్లేదు.

ఈ నాలుగూ ఉచితం. లినక్స్ రకాల్లో ఒకటైన ఉబుంటులో యాప్ సెంటర్ తెరిచి పేరు కొట్టి ఇన్‌స్టాల్ నొక్కితే వచ్చేస్తాయి. నరసరావుపేట, మాచర్ల, గురజాల కాలేజీల్లో కోడ్ నేర్చుకుంటున్నవాళ్లు కారెంపూడి పటం ఒకటి గీసి, సంభాషణలు తెలుగులో రాసి వెస్నోత్ యాడ్ఆన్ సర్వర్‌లో పెట్టండి. అనుమతి కోసం ఏ కంపెనీ గడపా తొక్కాల్సిన పని లేదు.