అచ్చమాంబ రచనలలో పాతివ్రత్య భావము

స్త్రీ ప్రాచీనాచారమునకును నవీన జీవనమునకును నడుమ సమన్వయము సాధింపవలెనను మాట మన విమర్శలలో తఱచుగా వినవచ్చును. వినుట కింపైనదే కాని, ఆమె దేనిని నిలుపుకొన్నది, దేనిని విడిచినది యను ప్రశ్నను ఈ మాట మఱుగుపఱచును. భండారు అచ్చమాంబ (1874–1905) రచనల విషయమున నిదియే జరిగినది. ఆమెను కొందఱు సంప్రదాయవాదిని యందురు. మఱికొందఱు తొలి స్త్రీవాదిని యందురు. ఇరువురును ఆమె వాడిన మాటలను చూచిరే కాని, ఆ మాటలచేత ఆమె చేయించిన పనిని చూడలేదు.

‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ మొదటి భాగము 1901లో గ్రంథరూపమున వెలువడినది. పేరు చూచినచో స్త్రీలు అబలలని రచయిత్రి యొప్పుకొన్నట్లు తోచును. పీఠికలో మాత్రము స్త్రీలు బుద్ధిహీనలనెడి వాదమును, విద్యవలన వారు చెడుదురనెడి వాదమును ఖండించుటయే తన యుద్దేశమని చెప్పినది. గ్రంథమును మూడు భాగములుగా సంకల్పించి, చారిత్రక స్త్రీలను మొదటను, వేద పురాణ కాలముల స్త్రీలను రెండవదానను, విదేశ స్త్రీలను మూడవదానను ఉంచదలచినది. ఈ క్రమము యాదృచ్ఛికమని నేను తలపను. ఆదర్శము పురాణమున నున్నచో పాఠకురాలు నమస్కరించి యూరకుండవచ్చును; చరిత్రమున నున్నచో తానును అట్టి కార్యము చేయవచ్చునను తలంపు పుట్టును.

మచిలీపట్టణమున బృందావన స్త్రీ సమాజము వెలసిన 1902లోనే ఆమె కథలును ‘హిందూసుందరి’లో వెలువడినవి. ‘స్త్రీవిద్య’ కేవలము దంపతుల సంభాషణము. ఎడబాటున ఉత్తరములు వ్రాసికొనుటకైనను చదువు నేర్వుమని భర్త కోరును. లోకము మెచ్చదని భార్య వెనుదీయును. ఇందు సంస్కారపక్షము పురుషునిది, ఆచారపక్షము స్త్రీది. అదే యేట వచ్చిన ‘ధనత్రయోదశి’లో ఈ స్థానములు తాఱుమాఱైనవి. పేదఱికముచే పండుగనాడు పరధనము నింటికి దెచ్చిన వేంకటరత్నమును భార్య విజయలక్ష్మి నివారించి, దానిని మరల నిచ్చునట్లు చేయును. గురజాడవారి ‘దిద్దుబాటు’ (1910) కంటె ఇది ముందుదా కాదా యను తేదీల తగవులో పడి, ఈ కథలోని సూక్ష్మమును మనవారు చాలకాలము చదువనేలేదు.

ఆ సూక్ష్మ మిది. విజయలక్ష్మి భర్త నెదిరించుట పాతివ్రత్యమును విడిచి కాదు, పాతివ్రత్యము పేరిటనే. భర్త మేలు కోరుట సతికి ధర్మమైనచో, అతడు తప్పినపు డడ్డగించుటయు ధర్మమే. విధేయతను బోధించు పదమునుండి దిద్దునధికారమును రాబట్టుట సామాన్యమైన నేర్పు కాదు. పాతను సగము, క్రొత్తను సగము కలిపిన సమన్వయ మిది కానే కాదు. ఆమె మాటలు కొన్నిచోట్ల ఉపన్యాస ధోరణిని బడినమాట నిజమే, దానిని క్షమింపవచ్చును.

క్షమింపరాని చిక్కు వేఱొకటి కలదు. ఈ యధికారము భర్త వినువఱకే చెల్లును. వేంకటరత్నము సహజముగా మంచివాడు గనుక విన్నాడు. వినని భర్తయెదుట విజయలక్ష్మి యేమి చేయవలెను? పాతివ్రత్యము నాధారముగా గొన్న వాదము అచ్చట ఆమెకు తోడురాదు. విడిచిపోవుట కది యొప్పుకొనదు, తప్పులో పాలుగొనుటకును ఒప్పుకొనదు. అచ్చమాంబ కథను ఆ గుమ్మమువఱకు దెచ్చి, భర్తను సుశీలునిగా జేసి, తలుపు తెఱువక మరలినది. ఆమెను సంప్రదాయవాదిని యనువారును, స్త్రీవాదిని యనువారును వాదింపదగిన తావు అదియే.