క్వార్కుల నిర్బంధం: ప్రయోగ సాక్ష్యం, తెలుగు వివరణ

మరీ గెల్‌మన్, జార్జ్ జ్వైగ్ 1964లో వేర్వేరుగా క్వార్కులను ప్రతిపాదించారు. నాటి నుండి నేటి వరకు ఒంటరి క్వార్కు ఉందని ఏ ప్రయోగమూ నిర్ధారించలేదు. ఈ అంశాన్ని తెలుగులో బోధించేటప్పుడు రెండు పొరపాట్లకు ఆస్కారం ఉంది. విడిగా దొరకలేదు కనుక క్వార్కును కేవలం ఊహ అనుకోవడం మొదటిది. దొరకకపోవడమే నిర్బంధానికి చాలినంత రుజువు అనుకోవడం రెండవది.

కృష్ణా డెల్టా విద్యార్థికి నిర్బంధం అనగానే కాలువ లాకు స్ఫురించడం సహజం. పామిడిముక్కల మండలంలోని వీరంకిలాకు ఊరి పేరులోనే ఆ మాట ఉంది. లాకు తలుపులు నీటిని ఆపుతాయి, తెరిస్తే వదులుతాయి. పరమాణువులోని ఎలక్ట్రాన్‌కు ఈ పోలిక కొంతవరకు చెల్లుతుంది. హైడ్రోజన్‌కు 13.6 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి అందితే ఎలక్ట్రాన్ విడివడుతుంది. క్వార్కుకు ఇది చెల్లదు. దూరం పెరిగినా క్వార్కుల మధ్య ఆకర్షణ తగ్గదు. సుమారు 16 టన్నుల బరువుకు సమానమైన బలంగా నిలుస్తుంది. లాగడానికి వెచ్చించిన శక్తి కొత్త క్వార్కు, ప్రతిక్వార్కుల జంటగా మారుతుంది. చివరకు బయటపడేది క్వార్కు కాదు, మరో హాడ్రాన్. కాబట్టి విడదీయగల కలయికకు ‘బంధనం’, విడదీయరాని స్థితికి ‘నిర్బంధం’ అనే పదాలను వేరుగా వాడటం శాస్త్రీయంగా అవసరం.

సాక్ష్యం ఒకే ప్రయోగం నుండి రాలేదు. 1960ల చివర స్టాన్‌ఫర్డ్ త్వరణ కేంద్రంలో ప్రోటాన్‌ను తాకిన ఎలక్ట్రాన్లు పెద్ద కోణాల్లో చెదరడం లోపల బిందు సమానమైన కణాలున్నాయని చూపింది. 1979లో హాంబర్గ్‌లోని పెట్రా యంత్రంలో కనిపించిన మూడు జెట్‌లు గ్లూవాన్ ఉనికిని తెలిపాయి. జెట్‌లలో ఉన్నవి హాడ్రాన్లే అయినా, వాటి దిశ మూలకణం ప్రయాణించిన దిశను సూచిస్తుంది. ఇక 1977లో నియోబియం గోళాలపై భిన్న ఆవేశం కనిపించిందన్న స్టాన్‌ఫర్డ్ ప్రకటనను తరువాతి ప్రయోగాలు సమర్థించలేదు. లోపల ఉన్నాయన్న సాక్ష్యం, బయట దొరకలేదన్న సాక్ష్యం కలిసినప్పుడే నిర్బంధ వాదన నిలుస్తుంది.

ఈ వాదనకూ హద్దులున్నాయి. సుమారు 2 లక్షల కోట్ల డిగ్రీల ఉష్ణోగ్రతలో హాడ్రాన్లు కరిగి క్వార్కు-గ్లూవాన్ ప్లాస్మా ఏర్పడుతుంది. అప్పుడు కూడా ఒంటరి క్వార్కు శోధకాన్ని చేరదు. జాలక గణనలు నిర్బంధాన్ని బలపరుస్తున్నా, మూల సమీకరణాల నుండి సంపూర్ణ గణిత నిరూపణ ఇంకా రాలేదు. ప్రయోగం నిలబెట్టినదానినీ గణితం ఇంకా నిరూపించవలసినదానినీ వేరుచేసి చెప్పినప్పుడే తెలుగు బోధన శాస్త్రానికి న్యాయం చేస్తుంది.