క్రోమోజోములు చదివిన చాగంటి

నెల్లూరు, కావలి వైపు నుంచి కేన్సర్ వైద్యానికి చెన్నై అడయారు వెళ్లొచ్చేవాళ్ల ఫైళ్లలో ఒక్కోసారి ఓ వింత కాగితం ఉంటుంది. నల్లటి చారలున్న కడ్డీలు జతలు జతలుగా, వరస నంబర్లతో. కింద 46 అనే అంకె, పక్కన కొన్ని అక్షరాలు. ఇంట్లోవాళ్లు దాన్ని ఎక్స్‌రేల మధ్య దోపేస్తారు. ఆ కాగితంలో 9వ, 22వ క్రోమోజోములు ముక్కలు మార్చుకున్నట్టుంటే అది చాలావరకు క్రానిక్ మైలాయిడ్ లుకేమియా, ఇమాటినిబ్ మాత్ర పనిచేసే జబ్బు.

ఆ చారలు చదివే విద్యలో పేరు మోసిన తెలుగువాడు ఆర్.ఎస్.కె. చాగంటి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివి హార్వర్డ్ చేరారు. అక్కడ ఆయన పట్టుకున్నది మనిషిని కాదు, మొక్కజొన్నను. మొక్కజొన్నకూ దాని అడవి చుట్టం ట్రిప్సాకం గడ్డికీ పుట్టిన సంకరాల మీద ఆయన చేసిన పనిని హార్వర్డ్ బస్సీ సంస్థ 1965లో అచ్చువేసింది. సంకరం కణంలో ఏ క్రోమోజోము ఎవరిది, ఏది దేనితో జతకట్టింది, ఏది ఒంటిగా మిగిలింది? ఇదీ వెతుకులాట. ‘నెల్లూరు మసూరి’ని తయారుచేసిన మన వరి పరిశోధన కేంద్రం వాళ్లకు సంకరం సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. పైరు చూసే మనిషికి కేన్సర్‌తో పనేమిటని కొందరికి అనిపించవచ్చు. నాకు మాత్రం అదే ఆయనకు కలిసొచ్చిందనిపిస్తుంది. కేన్సర్ కణంలో ఉండేదీ అలాంటి కలగాపులగమే.

మనిషి క్రోమోజోములు చూసే స్లైడు తయారీ ఓపిక పని. కొద్దిపాటి రక్తం పోషకద్రవంలో వేసి, తెల్లకణాలు విభజనకు దిగేలా రాజ్మా గింజల నుంచి తీసిన ఫైటోహీమాగ్లుటినిన్ కలుపుతారు. 37 డిగ్రీల వెచ్చదనంలో మూడు రోజులుంచుతారు. కణం రెండుగా చీలబోయే ముందు క్రోమోజోములు పొట్టిగా, లావుగా, విడివిడిగా కనబడతాయి. ఆ ఘడియ దాటకుండా కోల్చిసిన్ పట్టి ఆపుతుంది. ఆపైన పలచటి పొటాషియం క్లోరైడ్ నీళ్లు. కణం ఆ నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, లోపలి చిక్కు వీడుతుంది. ఎంతసేపన్నదే కిటుకు. తక్కువైతే అంతా ముద్ద, ఎక్కువైతే కణం పగిలి క్రోమోజోములు చెల్లాచెదురు. మూడు పాళ్లు మెథనాల్‌కు ఒక పాలు ఎసిటిక్ ఆమ్లం కలిపిన ద్రవంలో కణాలను స్థిరపరిచి, గాజుపలక మీద చుక్క వదులుతారు. గాలిలో తేమ ఉంటే చుక్క నిదానంగా ఆరి క్రోమోజోములు బాగా విచ్చుకుంటాయి. పొడిగాలిలో గబుక్కున ఆరి ముడుచుకుపోతాయి. మన తీరం ఉక్కపోత పనికొచ్చే చోటు ఇదొక్కటేనేమో!

1974లో న్యూయార్క్‌లో పరిశోధకులు జేమ్స్ జర్మన్, షోన్‌బర్గ్‌లతో కలిసి, మొక్కజొన్న నుంచి మనిషి వైపు మళ్లిన చాగంటి బ్లూమ్ సిండ్రోమ్ రోగుల కణాలు పరీక్షించారు. పొట్టిగా ఉండిపోవడం, ఎండకు ముఖం ఎర్రబడటం, చిన్న వయసులోనే కేన్సర్లు రావడం ఈ జబ్బు లక్షణాలు. రెండు విభజనల పాటు కణాలకు బ్రోమోడీఆక్సీయూరిడిన్ అందిస్తే, ఒకే క్రోమోజోములోని జంట పోగుల్లో ఒకటి చిక్కగా, ఇంకొకటి పలచగా రంగు పట్టుకుంటుంది. పోగులు ముక్కలు మార్చుకున్న చోట, వెంకటగిరి చీర అంచులో తప్పిన పోగు నేతగాడికి దొరికినట్టు, మార్పు కంటికి దొరుకుతుంది. మామూలు మనుషుల కణంలో ఇలాంటి మార్పిడులు సగటున 6.9, అత్యధికం 14. బ్లూమ్ రోగుల్లో సగటు 89, అత్యల్పమే 45. జబ్బును తేల్చడానికి ఇంతకంటే సూటి లెక్క ఉండదు.

అయితే ఒక చిక్కుంది. ఈ జబ్బు రావాలంటే లోపమున్న జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ రావాలి. ఒక్క ప్రతి మాత్రమే ఉన్న తల్లిదండ్రుల్లో ఆ లెక్క మామూలుగానే ఉందని అదే పరిశోధన తేల్చింది. మేనరికాలు ఇంకా నడుస్తున్న మనవైపు ఇలాంటి జబ్బులకు పెళ్లికి ముందు తెలియాల్సింది సరిగ్గా ఆ ఒక్క ప్రతి ఉందా లేదా అన్నదే, మైక్రోస్కోపు చెప్పలేనిదీ అదే. 1995లో ఈ జబ్బుకు మూలమైన బీఎల్ఎం జన్యువు దొరికాకే దానికి దారి పడింది.

తర్వాత ఆయన న్యూయార్క్‌లోనే స్లోన్ కెటరింగ్ కేన్సర్ కేంద్రానికి మారారు. లింఫోమాల్లో 3వ క్రోమోజోము తెగే చోటున్న బీసీఎల్6 జన్యువును 1993లో బయటపెట్టిన బృందాల్లో ఆయనా ఉన్నారు.

ఇప్పుడు డీఎన్‌ఏను అక్షరమక్షరం చదివే యంత్రాలున్నాయి కదా, ఈ పాత విద్య ఎందుకంటారు కొందరు. సన్న మార్పులు మైక్రోస్కోపుకు అందవు, నిజమే. విభజన చెందని కణం నుంచి స్లైడు రాదు, అదీ నిజమే. కానీ ఆ యంత్రాల్లో సాధారణంగా వేల కణాల డీఎన్‌ఏ కలిపి పోస్తారు. స్లైడు మీద ఒక్కో కణం మొత్తం క్రోమోజోములతో విడిగా కనబడుతుంది. కేన్సర్‌లో పక్కపక్క కణాలే ఒకలా ఉండవు.

ఉదాహరణకు, ఛాతీ మధ్యలో గడ్డతో ఒక యువకుడు వస్తాడు. ముక్క తీసి చూస్తే ఎక్కడ పుట్టిన కేన్సరో తెలియదు. క్రోమోజోములు చూస్తే 12వ దాని పొట్టి చేయి రెండు ప్రతులుగా ఎదురెదురు అతుక్కుని ఉంటుంది. అది మగవాళ్లలో ఎక్కువగా వృషణాల్లో పుట్టే బీజకణాల కేన్సర్ గుర్తు. ఆ గుర్తును రోగనిర్ధారణకు వాడవచ్చని చూపినవారిలో చాగంటి బృందం ముఖ్యమైనది. అది కనబడితే డాక్టరు వృషణ కేన్సర్‌కు ఇచ్చే సిస్‌ప్లాటిన్ చికిత్స మొదలుపెట్టవచ్చు. ఆ కేన్సర్ అయితే ముదిరిపోయాక కూడా నయమయ్యే అవకాశం బాగా ఉంటుంది.