సేవకుని కాలము

దేవాలయపు ముంగిట చీపురు పట్టిన వానిని చూచి సేవ చేయుచున్నాడందుము. అదే చీపురుతో పరుల యింటి వాకిలి యూడ్చు దానిని చాకిరి చేయుచున్నదందుము. గ్రామాధికారి పిలువగా కూలి లేకుండ వచ్చి చావడి యూడ్చిన వాని పనికి వెట్టి యని పేరు. చేతి కదలిక యొక్కటే, ధూళి యొక్కటే, మాటలు మూడు. మన భాష యీ భేదమును ఎంత జాగ్రత్తగా పాటించినదో మన సాహిత్యమంత జాగ్రత్తగా పరిశీలింపలేదని నా యభిప్రాయము. నిష్కామసేవ ఆధ్యాత్మిక సాధన యని వ్రాయుటకు మనకు సంకోచము లేదు. ఆ సాధకుని కాలమెవరిది, అతడు కాదనగలవాడేనా యన్న ప్రశ్న ఎదురైనపుడు మాత్రము మన కలము తొందరపడి దాటిపోవును.

కర్మఫలమును విడువుమని గీత బోధించినది. విడుచుటకు ముందు ఆ ఫలము తనదై యుండవలెను గదా! ఒకడు లాగుకొనిపోయిన దానిని నేను త్యజించితినని చెప్పుకొనుట త్యాగము కాదు, ఊరట. పోతన భాగవతమున నవమస్కంధమందలి రంతిదేవుని కథను ఈ దృష్టితో మరల చదువదగును. ఎన్నో దినములు అన్నపానములు లేక కృశించిన రాజు, దొరికిన యన్నమును వచ్చిన యతిథులకు పంచి, తుదకు మిగిలిన నీటిని పుల్కసునకిచ్చెను. ఆ కథకు బలమిచ్చునది రాజత్వము కాదు, కరుణ మాత్రమే కాదు. ఆ నీరు అతనిదగుట. త్రాగవచ్చును, త్రాగలేదు. ఐనను కథ దాత చెంతనే నిలిచిపోవును. నీరు త్రాగినవాడెటు పోయెనో మనమడుగము.

పాల్కురికి సోమనాథుడు మరియొక త్రోవ చూపెను. బసవపురాణమందలి మడివాలు మాచయ్య చాకలి. మైలబట్టలుతుకుటయే అతని పూజ. ఐనను భక్తుల బట్టలు తప్ప ఇతరుల బట్టలను ముట్టడు. ఈ పట్టుదలను వీరశైవుల మతావేశముగా మాత్రమే గ్రహించి విడిచిన విమర్శ అసంపూర్ణమని నాకు తోచును. కులము చేత ఊరందరి మైలయు మోయవలసిన వాడు, ఎవరిది మోయుదునో నేనే నిర్ణయింతుననుట సామాన్య విషయము కాదు. ఆ నిరాకరణము చేతనే అతని చాకిరి సేవయైనది.

ఆధునిక కాలమున ఈ సమస్యను పెద్దయెత్తున పట్టుకొన్న గ్రంథము ఉన్నవ లక్ష్మీనారాయణగారి మాలపల్లి. కారాగారమున వ్రాయబడి 1922లో వెలువడిన యీ నవలను మదరాసు ప్రభుత్వము నిషేధించిన సంగతి అందరెరిగినదే. దాని యసలు తెగువ రాజకీయములో కంటె పాత్రల యెన్నికలో నున్నదని నేననుకొందును. సేవను గూర్చి వ్రాయువారు సాధారణముగా పైమెట్టునుండి క్రిందికి దిగివచ్చు నాయకుని కల్పింతురు. అతడు విద్యావంతుడు, ఆస్తిపరుడు, పశ్చాత్తాపశీలి. ఉన్నవవారు సాధకుని మాలపల్లెలోనే నిలిపిరి. రామదాసు పరమభక్తుడు, వేదాంతి. అతని కొడుకు సంగదాసు చౌదరయ్య యింట పని చేయువాడు. యజమాని కుమారుడు రామానాయుడు వానికి స్నేహితుడు. ఈ యమరికలో సంగదాసు ఇతరులకై చేయు ప్రతి పనియు రెండు విధముల లెక్కకు వచ్చును. యజమానికి అది పాలేరుతనము; తన వారికి అది సేవ. కూలివారి పక్షమున మాటాడిననాడు ఆ రెండు లెక్కలును ఢీకొనెను. సంగదాసు చౌదరయ్య చేతి దెబ్బకు ప్రాణము విడిచెను. అన్న వెంకటదాసు, ఇచ్చుటకు తనకేమియు లేనందున, ఉన్నవారినుండి లాగి లేనివారికి పంచు దారి పట్టెను. తండ్రి సహించును, తమ్ముడు అడుగును, అన్న కొల్లగొట్టును. ఈ ముగ్గురిలో ఎవరిది నిష్కామమో రచయిత తొందరపడి తీర్పు చెప్పకుండుట యాయన గొప్పతనము.

లోపము తరువాతి భాగమున కలదు. సంగదాసు మరణానంతరము వాని పేర సంగపీఠము వెలసినది మొదలు, బ్రతికియున్ననాటి మనుష్యుడు చెదరి పటముగా మారిపోయెను. సేవ సంస్థయైనది, సంస్థ ఉపన్యాసమైనది. కథ చెప్పవలసినచోట పాటలును ఆశయములును ఆవరించినవి. సాధన జరుగునది ఒకే పనిని నూరవసారి చేయునపుడు, ఎవరును చూడనపుడు, విసుగు పుట్టినపుడు. ఆ విసుగు సంగపీఠమున కానరాదు.

మాలపల్లి వెలువడునాటికే, నేడు ఝార్ఖండున నున్న జమ్‌షెడ్‌పూరులో తెలుగువారి కాలమునకు కొత్త కొలత యేర్పడియుండెను. శ్రీకాకుళ విశాఖ మండలముల నుండి కూలి కొరకు బెంగాలు నాగపూరు రైలెక్కి పోయినవారు, సువర్ణరేఖా ఖర్కాయి నదుల నడుమ ఉక్కు కర్మాగారమున కుదురుకొనిరి. 1907లో స్థాపితమైన ఆ కంపెనీ 1912లో ఉక్కు తీసెను. ఆ యేటనే ఎనిమిది గంటల పనిదినమును ప్రవేశపెట్టెను. ఉచిత వైద్యము 1915లో, బిడ్డలకు చదువు 1917లో, జీతముతో సెలవు 1920లో వచ్చినవి. వారమునకు 48 గంటలన్న హద్దును దేశమంతటికిని ఫ్యాక్టరీల చట్టము పెట్టుటకు 1948 వరకు వేచియుండవలసివచ్చెను. ఇది కంపెనీని పొగడుటకు చెప్పుట లేదు. 1920, 1922, 1928 సంవత్సరముల సమ్మెలు ఆ యూరి చరిత్రలోనివే. కంట్రాక్టు కూలికి ఆ గడియారము అదే రీతిగా తిరుగనులేదు. నేను చెప్పదలచినది మరియొకటి. సూర్యోదయము మొదలు సూర్యాస్తమయము వరకు కామందునకు చెందిన పాలేరు మనుమడు, కర్మాగారపు కూత విని బయటికి వచ్చినపుడు, మిగిలిన గంటలు తనవని తెలిసికొనెను. బిష్టుపూరులోని ఆంధ్రభక్త శ్రీరామ మందిరమున నవమినాడు పందిరి గుంజలు మోయువాడు, పానకపు బిందె యెత్తువాడు ఏ షిఫ్టో సీ షిఫ్టో ముగించుకొని వచ్చినవాడు. నిద్రపోవచ్చును, వచ్చినాడు. రంతిదేవుని నీరు ఎట్లో, అతనికి ఆ గంటలట్లు. ఆ చేతులే సమ్మెనాడు పని నిలిపినవి. కాదనగల చేయి యగుటచేతనే పందిరిక్రింద దాని పని వెట్టి కాలేదు.

ఆ యూరికి పేరిచ్చిన జంషెట్జీ టాటా 1898 నవంబరులో వివేకానందునకు లేఖ వ్రాసి, ఈ దేశపు వైరాగ్యభావమును శాస్త్రపరిశోధన వైపు మరల్చరాదా యని యడిగెను. చక్కని యూహ. కాని సన్న్యాసికి మఠమున్నది. 1905లో గోఖలే భారత సేవక సమాజమును స్థాపించి ప్రజాజీవితమును ఆధ్యాత్మికము చేయవలెనన్నపుడును, సభ్యుల జీవనమునకు ఏర్పాటుచేసియే ఆ మాట చెప్పెను. ఎనిమిది గంటలు కొలిమి ముందు నిలిచి, ఆపై బస్తీలో రోగికి తోడుగా రాత్రి మేలుకొన్నవానికి ఏ మఠమును లేదు. మన నవలలో అతనికి దక్కిన చోటు స్వల్పము. కార్మికుని గూర్చి వ్రాసినపుడు సమ్మెలో నిలిపితిమి, భక్తుని గూర్చి వ్రాసినపుడు పల్లెకు తీసికొనిపోయితిమి. రెండును ఒకని దినములోనివే యని మరచితిమి.

ఇంకొక లెక్క తేలవలసియున్నది. మాలపల్లిలో తత్త్వము చెప్పునది రామదాసు. ఆ యింటి పనిభారము మహాలక్ష్మిది. స్త్రీవిద్యకై గుంటూరున శారదానికేతనము నెలకొల్పిన రచయిత కలమునుండి కూడ ఆమె పనికి వేదాంతము వెలువడలేదు. కర్మాగారపు క్వార్టర్లలోను అంతే. మగనికి షిఫ్టు మారినప్పుడెల్ల ఆమె వంటవేళ మారును గాని ఆమె పనికి ముగింపు కూత లేదు. కల్యాణమునాడు వందలమందికి పులిహోర కలుపుటకు తెల్లవారకముందే పొయ్యి రాజేసిన స్త్రీ, దానిని సేవ యనుకొన్నదో, ఇంటి చాకిరికి చేరిన మరియొక చాకిరి యనుకొన్నదో, ఆమె నోటనే చెప్పించిన కథను మన రచయితలు వ్రాయవలసియున్నది. ఆమె రానన్నచో ఏమగునో అక్కడినుండి ఆ కథను ప్రారంభింపవచ్చును.